కడుపునొప్పే అనుకున్నాను

చెల్లీ,

నువ్వు పోయి ఈ రోజుకి పన్నెండేళ్లు. ఇప్పుడు నేను నర్సుని. పొద్దున మా ఆసుపత్రికి ఎలమంచిలి నుంచి ఒకావిడ కూతుర్ని తీసుకొచ్చింది. పిల్లకి పదహారేళ్లు, అప్పటి నీ వయసే. "రెండ్రోజుల్నుంచి కడుపునొప్పి, వాంతులమ్మా. ఏటి తినీసిందో ఏటో" అందావిడ. పిల్ల లోతుగా, ఆయాసంగా ఊపిరి తీస్తోంది. దగ్గరికి వంగాను. మగ్గిన పండు వాసన. షుగరు బాగా ముదిరితే వచ్చే వాసన అది. వెంటనే వేలి నుంచి రక్తం చుక్క తీసి చూసి, డాక్టరుగారిని పిలిచాను. సెలైనూ ఇన్సులినూ మొదలుపెట్టాం.

ఆ రాత్రి మల్కాపురంలో మనింట్లో నీ ఊపిరీ ఇదే వాసన వేసింది. "నాకెట్టకుండా పళ్లన్నీ తినీసినావేటే?" అని నవ్వాను. నువ్వు కాదన్నట్టు తల ఊపావు. కడుపునొప్పే కదా అని వాము నీళ్లు తాగించి పడుకోబెట్టాను. మర్నాడు నువ్వు లేవలేదు.

సాయంత్రానికి ఆ పిల్ల తెప్పరిల్లి వాళ్లమ్మని గుర్తుపట్టింది. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "అంత బేగి ఎలా కనిపెట్టీసినావమ్మా?" అంది.

"మా చెల్లి దగ్గర నేర్చుకున్నాను."

"మీ చెల్లి కూడా నర్సమ్మేనా?"

అవునన్నాను.