టపా మనిషి డొక్కపోటు

నందికొట్కూరు, 1934 ఏప్రిల్

పూజ్యులైన వదిన జీవమ్మ గారికి, మీ మరదలు సంతోషమ్మ వందనాలు.

నా అక్షరాలు కోడి గీరినట్టు ఉంటాయి, తప్పులు కూడా ఉంటాయి, మన్నించండి. మిషను బడిలో నాలుగో తరగతితో ఆగిపోయినదాన్ని.

టపా సంచి మోసుకొని ఇక్కడినుంచి మీ ఊరికి పరుగెత్తే మీ తమ్ముడు ఈ మధ్య రెండుసార్లు ఆలస్యంగా చేరినారు. ఇంకోసారి ఆలస్యమైతే ఆ గజ్జెల బల్లెం, దాంతో పాటు ఆ ఉద్యోగం, వేరే వాళ్ళ చేతికి పోతుందని పోస్టుమాస్టరు చెప్పినాడంట. ఆయన్ని అడిగితే నవ్వేస్తారు. దారిలో ఆడవాళ్ళు గజ్జెల చప్పుడు విని చెంబులతో ఎదురొచ్చి నీళ్ళిస్తున్నారు. దయచేసి వాళ్ళను ఇవ్వవద్దని మీరు చెప్పాలి. కారణం రాయడానికి సిగ్గుగా ఉంది.

ఇట్లు, మీ సంతోషమ్మ

తా.క. ఈ ఉత్తరం మోసుకొచ్చేది ఆయనే. ఆయన ముందర చదవకండి.

*

మరదలు పిల్లకు జీవమ్మ దీవెనలు.

ఏమమ్మా, పెండ్లయి ఏడాది కాలేదు, అప్పుడే అనుమానమా? మా తమ్ముడు లేవిగాడి మొహం చూసి ఏ ఆడది మోసపోతాదే! బాయి కాడ నీళ్ళిచ్చే గురమ్మకు నోట్లో ఉండేది ఒక్క పన్ను. అయినా నీ మనసు కుదుటపడాలని ఆడోళ్ళందరినీ వద్దంటి. ఇంక దారిలో ఉండే హుస్సేన్ సాహెబ్ ఒక్కడే ఇస్తాడు. ఆయప్ప మీద అనుమానం లేదు గదా?

నీ మేలు కోరే జీవమ్మ

తా.క. గురమ్మకు ఈ మాట చెప్తే శానా సంతోషపడింది. అద్దం అడుగుతాండాది.

*

వదిన గారికి సంతోషమ్మ వందనాలు.

మీ జాబు చదివి తలుపు చాటున కూర్చొని ఏడ్చినాను, తరువాత నవ్వినాను. అనుమానం కాదు వదినా. డొక్కలో పోటు! చెంబెడు నీళ్ళు ఒక్కసారే తాగి వెంటనే పరుగెత్తితే పక్కటెముకల కింద పొడుస్తుంది. కొడవలి మాదిరి వంగిపోయి నడుస్తున్నారు. అది చెప్పుకోవడానికి ఆయనకు సిగ్గు, రాయడానికి నాకు సిగ్గు. పైగా మీ హుస్సేన్ సాహెబ్ మామ చెంబు కాదు, బిందె తెచ్చి పెడుతున్నాడు. అది ఖాళీ అయ్యేదాకా తన ఎద్దుల సంగతులు చెప్తున్నాడు. ఈ ఎండల్లో ఎంత దూరంనుంచో మోసుకొచ్చిన నీళ్ళు, వద్దంటే మొహం మీద కొట్టినట్టు అవుతుంది.

అసలు తాగకపోయినా కష్టమే. అందుకే గుక్కెడు గుక్కెడుగా ఇవ్వమని చెప్పండి. నేను గడ్డివామి చుట్టూ పరుగెత్తి చూసినాను. గుక్కెడు తాగితే ఏమీ కాలేదు. చెంబెడు తాగితే వామికి ఆనుకొని కూలబడినాను.

ఇట్లు, మీ సంతోషమ్మ

తా.క. పక్కింటి హంపమ్మ చూసి, ఎందుకు పరుగెత్తుతాండావని అడిగింది. కందిరీగలు అన్నాను. ఆమె కూడా పరుగెత్తింది.

*

సంతోషమ్మకు జీవమ్మ రాసేది.

నీ వైద్యం పాడుగాను! గుక్కెడే ఇయ్యండని దారి పొడుగునా చెప్పిస్తి. మనిషి గడప ముందరికొస్తే గుక్కెడు నీళ్ళిచ్చేదానికి ఎవరికి మొహం చెల్తాది? ఆ నామర్దా ఎందుకని గజ్జెలు వినపడతానే అందరూ తలుపులేసుకునిరి. వాడు నాలిక పిడచ కట్టి వచ్చి, నా కడవలో సగం తాగి, డొక్క పట్టుకొని నా వాకిట్లోనే దొర్లె. సంచి మళ్ళా ఆలస్యం. పోస్టుమాస్టరు దయ తలిచి ఈ ఒక్కసారికి మాఫీ చేసినాడు. ఇంక మునుపటి మాదిరే నీళ్ళిచ్చుకోండని అందరికీ చెప్పిస్తి. సోమవారం కర్నూలునుంచి ఇన్‌స్పెక్టరు ఈడికే వస్తాండాడు. ఆ పొద్దు ఆలస్యమైతే బల్లెం పోయినట్టే. ఇంక నువ్వేం చేస్తావో చెయ్, నన్ను మటుకు అడగద్దు.

జీవమ్మ

తా.క. దారిలో అన్ని ఊర్లలోనూ తలుపులు మూసుండాయే, ఒకే రోజు చావులైనాయా అని అడుగుతాండాడు మీ ఆయన.

*

వదిన గారికి సంతోషమ్మ అనేక వందనాలు.

సోమవారం ఇన్‌స్పెక్టరు గడియారం బయటికి తీయకముందే మీ తమ్ముడు చేరినారని మీరు కళ్ళారా చూసినారు. ఎందుకు చేరినారో మీకు ఒక్కరికే రాస్తున్నాను.

సొంత నీళ్ళు నడుముకు ఉంటే ఎవరినీ నొప్పించకుండా మైలురాయికి ఒక గుక్క తాగవచ్చునని సొరబుర్రలో నీళ్ళు నింపి ఇచ్చినాను. ఆయన దాన్ని గూట్లోనే మరిచి పోయినారు. తెల్లారుతూ ఉంది. సంతకు పోయే వాళ్ళెవరైనా చూస్తారేమోనని తలమీదినుంచి గొంగడి కప్పుకొని, బుర్ర పట్టుకొని వెంట పరుగెత్తినాను. అంతకుముందే భయంతో నేను చెంబెడు నీళ్ళు తాగి ఉన్నాను. ఊరు దాటగానే నా డొక్కలోనే పోటు! పిలుద్దామంటే పేరు నోటికి రాదు. పెండ్లయినప్పటినుంచి ఆయన్ని ఏమనీ పిలిచినదాన్ని కాదు. “ఓ... ఓ...” అన్నాను. ఆ నొప్పికి అది ఎలుగుబంటి గుర్రుమన్నట్టు వచ్చింది.

ఆయన తిరిగి చూడలేదు. సంచి కోసం దొంగ పడినాడనుకొని లేడిలాగా ఎగిరినారు. గురమ్మ చెంబూ, సాహెబ్ బిందే ఏదీ ముట్టలేదంట. నేను మైలురాయి మీద కూలబడి బుర్రలో నీళ్ళన్నీ నేనే తాగినాను.

ఇప్పుడు నేను చెప్పకుండానే బుర్ర నడుముకు కట్టుకొని పోతున్నారు. ఆగి చెంబెత్తితే దొంగ అందుకుంటాడని భయం! గుక్కెడు తాగి, పరుగు. ఎవరైనా చెంబు చాపితే “దొంగ వెనకే వస్తాండాడు” అంటే వాళ్ళే పొమ్మంటున్నారంట. పోటు లేదు, ఆలస్యం లేదు. కాబట్టి దొంగ లేడని మీరు చచ్చినా చెప్పకూడదు.

ఇట్లు, సిగ్గు పూర్తిగా పోగొట్టుకున్న సంతోషమ్మ

తా.క. దొంగ రోజురోజుకీ పెరుగుతున్నాడు. మొన్న ఆరడుగులు, నిన్న మీసాలు మొలిచినాయి. అన్నం వడ్డిస్తుంటే ఆ మీసాలు ఎట్లుంటాయో నాకే చేతులు తిప్పి చూపిస్తున్నారు. ఈ ఉత్తరం చదవగానే కాల్చేయండి. ఆయన అక్కడే కూర్చొని ఉంటే ముందు పొయ్యి వెలిగించండి, తరువాత చదవండి.