చెక్ మంత్రిగారి తెలుగు క్షమాపణ

నేపర్‌విల్,
సెప్టెంబరు 3

సుందర్ రాజ్ గారికి,

నమస్కారం. మీకు నేనెవరో తెలియదు. మా తెలుగు సంఘం పిక్నిక్ లక్కీ డ్రాలో ప్రెషర్ కుక్కర్ వస్తుందని ఆశపడితే మీ పెన్‌డ్రైవ్ వచ్చింది. అందులో నాలుగు చెక్ భాష క్రైమ్ సినిమాలు, బొమ్మ కింద తెలుగు అక్షరాలు. కవర్ మీద మీ రెడ్‌మండ్ అడ్రసు తప్ప ఈమెయిల్ లేదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. స్టాంపు ఏ మూల అంటించాలో కూడా మర్చిపోయాను.

నేను రిటైరైన ఫార్మసిస్ట్‌ని. ఒక్కదాన్నే ఉంటాను. మా ఆయన లేరు. అంటే ఉన్నారు, ఫీనిక్స్‌లో, ఇంకొకావిడతో. కింద ఫ్లోర్‌లో బ్లాజెనా అని ఎనభై ఏళ్ళ చెక్ ఆవిడ ఉంది. ఐదేళ్ళుగా లిఫ్ట్‌లో "హాయ్" తప్ప మా మధ్య మాట లేదు. మీ సినిమాల పుణ్యమా అని ఇప్పుడు శనివారం మధ్యాహ్నాలు మా ఇంటికొస్తోంది. ఆవిడ వింటుంది, నేను చదువుకుంటాను. వారం మొత్తమ్మీద నేను ఇంకో మనిషి పక్కన కూర్చునేది ఆ రెండు గంటలే.

మొదటి సినిమా అద్భుతం. హైవే కాంట్రాక్టు కోసం మాఫియావాడు మేయర్‌ని ఎలా కొన్నాడో అరటిపండు ఒలిచినట్టు అర్థమైంది. డౌటల్లా రెండోదాంట్లోనే. మంత్రి మాఫియా నాయకుడికి ఫోన్ చేసి, "మందులేసుకున్నావా? నేనొచ్చేదాకా కిటికీ తియ్యకు, చలి" అంటాడు. ఇంత ప్రేమగల మాఫియా ఎక్కడుందండీ? నేను కళ్ళు తుడుచుకుంటుంటే బ్లాజెనా పొట్ట పట్టుకుని నవ్వింది. దయచేసి వివరించగలరు.

ఇట్లు,
చాముండేశ్వరి

తా.క. ప్రెషర్ కుక్కర్ సంఘం ప్రెసిడెంట్ గారి భార్యకి తగిలింది. అవినీతి సినిమాలు నాకు తగిలాయి.

*

రెడ్‌మండ్,
సెప్టెంబరు 9

చాముండేశ్వరి గారికి వందనాలు.

ముప్పై ఆరు తెలుగు సంఘాలకి పెన్‌డ్రైవ్‌లు పంపాను. ఉత్తరం రాసింది మీరొక్కరే. హాస్పిటల్ బిల్లేమో అనుకుని కవరు ఒకరోజంతా తెరవలేదు, క్షమించండి.

మీ డౌటుకి సమాధానం చాలా సింపుల్. ఆ సినిమాలో దొంగలు మాట్లాడేది చెక్ దేశంలో మొరావియా అనే ప్రాంతం యాస. అక్కడ "మందులు" అంటే లంచం. "మందులేసుకున్నావా" అంటే "ముట్టిందా" అని. "కిటికీ" అంటే పేపరువాళ్ళు. ప్రాగ్‌లో ఎనిమిదేళ్ళున్నాను, నాకిది కొట్టిన పిండి. మీ బ్లాజెనా గారిది వేరే ప్రాంతమై ఉంటుంది.

మూడోది చూసి తప్పక రాయండి. ఎంత పొడుగు రాసినా చదువుతాను.

భవదీయుడు,
సుందర్ రాజ్

తా.క. అదే సినిమాలో రౌడీ బుల్లెట్ తగిలి చనిపోతూ "చారులో ఉప్పేశావా?" అంటాడు. అది కూడా యాసే.

*

నేపర్‌విల్,
అక్టోబరు 5

సుందర్ రాజ్ గారికి,

నమస్కారం అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

మీ ఉత్తరం అందిన శనివారమే బ్లాజెనా మా సోఫాలో కూర్చుని ట్యాబ్లెట్ల డబ్బా తీసింది. నేను ఊరుకోవచ్చు కదా! "మీ మొరావియాలో మందులంటే లంచమట కదా, మీరు రోజుకెన్ని తీసుకుంటారు?" అని జోక్ చేశాను.

ఆవిడ పుట్టిందీ పెరిగిందీ మొరావియాలోనే. వాళ్ళాయన అక్కడ మున్సిపాలిటీలో స్థలాల సెక్షన్ గుమాస్తా. ఒక మంత్రి మనుషులు తెచ్చిన కాగితం మీద సంతకం పెట్టనన్నందుకు ఉద్యోగం పీకేశారు. ఆ దిగులుతోనే పోయాడు. "మై హస్బెండ్ టుక్ నథింగ్!" అని ఆవిడ ట్యాబ్లెట్ల డబ్బా టక్కున మూసేసింది.

అప్పటికే మూడో సినిమా నడుస్తోంది. మంత్రి ఆసుపత్రిలో ఒక పెద్దావిడ చెయ్యి పట్టుకుని, "గంటలో వస్తానని నాలుగు గంటలు చేశాను. నన్ను క్షమించు" అంటున్నాడు. నేను భోరుమన్నాను. నిజానికి వాడక్కడ ఆవిడ చేత పొలం రాయించుకుంటున్నాడట! "యూ క్రై ఫర్ దిస్ థీఫ్?" అని బ్లాజెనా చేతికర్ర తీసుకుని వెళ్ళిపోయింది.

మూడు శనివారాలైంది. తలుపు తడితే లోపల టీవీ సౌండ్ తగ్గిస్తుంది, తలుపు మాత్రం తియ్యదు.

మీకసలు చెక్ వచ్చా, రాదా? ఒక్క ముక్కలో చెప్పండి.

చాముండేశ్వరి

తా.క. శనివారం రెండు కప్పుల కాఫీ కలపడం అలవాటైంది. రెండోదీ నేనే తాగుతున్నాను. నిద్ర పట్టడం లేదు. దీనికీ మీదే బాధ్యత.

*

రెడ్‌మండ్,
అక్టోబరు 11

చాముండేశ్వరి గారికి,

రాదు.

"గుడ్ డే", "ఒక బీరు" ఈ రెండే వచ్చు. చెక్ వచ్చింది మా ఆవిడ పర్సిస్‌కి. ప్రాగ్‌లో ల్యాబ్‌లో ఉద్యోగం ఆవిడది, డిపెండెంట్ వీసా మీద వంట నాది. ఆవిడకి ఈ మాఫియా, మంత్రుల సినిమాలంటే పిచ్చి. నేను పక్కన బిక్కమొహం వేసుకుని కూర్చుంటున్నానని ఒక సినిమాకి తెలుగు రాసిపెట్టింది. మీకు నచ్చిన మొదటిది అదే. మిగతా మూడూ రాస్తానంది. రెండేళ్ళ క్రితం ఇక్కడే పోయింది.

ఆ రోజు ఆఫీస్‌లో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంది. గంటలో వస్తానని హాస్పిటల్ నుంచి వెళ్ళాను. నాలుగు గంటలైంది. వచ్చేసరికి నర్స్ ఆవిడ మంచం పక్కన ఫ్యాన్ ఆపేస్తోంది.

తర్వాత ఆ మూడు సినిమాలూ పెట్టుకుని, ఎవరి నోరు ఎంతసేపు కదిలితే అంత వాక్యం నేనే రాశాను. ఆ మంత్రి మొహం చూస్తే ఎవరికో క్షమాపణ చెప్పుకోవాలని తపిస్తున్నట్టు అనిపించింది. చర్చిలో అందరూ "ప్రేయర్ చేస్తున్నాం బ్రదర్" అంటారు, కానీ ఇంటికి రారు. ఎవరైనా ఒక ఉత్తరమైనా రాస్తారేమోనని పెన్‌డ్రైవ్‌లు పంచాను. మీ ఉత్తరం వచ్చాక ఇంకొకటి రావాలన్న ఆశతో ఆ యాస కథ అల్లాను. అది బ్లాజెనా గారి భర్త మీద పడుతుందని అనుకోలేదు.

ఇదంతా ఆవిడకి చదివి వినిపించండి. పెన్‌డ్రైవ్‌లన్నీ వెనక్కి తెప్పించుకుంటున్నాను.

సుందర్ రాజ్

తా.క. ఒక సంఘంవాళ్ళు సినిమాలు చెరిపేసి తమ వార్షికోత్సవం ఫొటోలు నింపుకున్నారట. అందులో నాలుగు వందలు ప్రెసిడెంట్ గారివేనట.

*

నేపర్‌విల్,
అక్టోబరు 19

సుందర్ రాజ్ గారూ,

బ్లాజెనా తలుపు తియ్యలేదు. అందుకని కారిడార్‌లో కార్పెట్ మీద చతికిలబడి, మీ ఉత్తరం ఇంగ్లీష్‌లోకి మార్చుకుంటూ గట్టిగా చదివాను. టీవీ సౌండ్ తగ్గింది. కాసేపటికి ఆగిపోయింది. మంత్రి దగ్గరికొచ్చేసరికి తలుపు తెరుచుకుంది.

తిట్టిపోస్తుందనుకున్నాను. "ఎగైన్. మినిస్టర్ పార్ట్" అంది. మళ్ళీ చదివాను. మూడోసారి చదివించుకుని అక్కడే నా పక్కన గోడకానుకుని కూర్చుంది. ముప్పై ఏళ్ళు ఎదురుచూసిందట. వాళ్ళాయన ఉద్యోగం పీకించిన మంత్రి కాదు కదా, అతని డ్రైవర్ కూడా సారీ చెప్పలేదట. "యువర్ ఫ్రెండ్ మేడ్ హిమ్ సే ఇట్" అని నా చెయ్యి పట్టుకుంది. ఆవిణ్ణి లేపడానికి నాకూ, నన్ను లేపడానికి ఆవిడకీ పావుగంట పట్టింది.

కాబట్టి పెన్‌డ్రైవ్‌లు వెనక్కి తెప్పించొద్దు. ఇది ఆవిడ ఆర్డర్.

ఇక ఆ నాలుగు గంటల సంగతి. ముప్పై ఏళ్ళు ఫార్మసీలో చివరి రోజుల మందులు కట్టిచ్చినదాన్ని, నా మాట వినండి. ఆ మత్తులో ఉన్న మనిషికి గంటకీ నాలుగు గంటలకీ తేడా తెలియదు. మీరు వస్తానన్నారు, ఆవిడ నమ్మకంతోనే నిద్రపోయింది. ఇది యాస కాదు.

నాలుగో సినిమా ఇంకా చూడలేదు. నవంబరు మొదటి శనివారం మధ్యాహ్నం మాకు రెండు, మీకు పన్నెండు, ఫోన్ చేస్తాం. మీరూ అదే సినిమా పెట్టుకోండి. అసలు మాటేమిటో బ్లాజెనా చెప్తుంది, మీరు రాసింది నేను చదువుతాను. ఏది బాగుంటే అది ఉంచుదాం. మీ నంబరు పంపండి.

మీ
చాముండేశ్వరి

తా.క. ఇకముందు మీ సినిమాల్లో మంత్రులు ఎవరెవరి తరఫున క్షమాపణ చెప్పాలో బ్లాజెనా పదకొండు పేర్ల లిస్టు రాసిచ్చింది, జతచేస్తున్నాను. తొమ్మిదో పేరు వాళ్ళ అల్లుడిది. ఆయన మంత్రి కాదు, మాఫియా కాదు, కార్పెట్ల షాపు నడుపుతాడు. అయినా ఏడిపించి మరీ చెప్పించమంటోంది.