కందిలి తాగిన నూనె

జములమ్మా, నూలు కోసం కర్నూలు పోతున్నాను, ఎల్లుండి వస్తాను. ఇది అమ్మకు చదివి వినిపించు.

వంటింటి బుడ్డిదీపం మళ్లీ పొయ్యి పక్క గూట్లో పెట్టాను. ఇక అది అక్కడే వెలగాలి. అమ్మ కాలిన చేతికి తడి తగలనీయకు. రొట్టెలు నువ్వే చెయ్యి.

యుద్ధం వచ్చి గ్యాసునూనె కంట్రోలయి, దీపాలకు కొలిచి ఇస్తున్నప్పటి నుంచి అమ్మను ఒకటే సతాయించాను. "పొద్దుగూకినకాన్నుంచి నీ బుడ్డే మండుతది, నూనంత అదే తాగుతది" అని దాన్ని తీసేశాను. "గట్ల గాదు, జర ఒత్తుల దిక్కు సూడు" అన్నది అమ్మ. వినలేదు. పొయ్యి వెలుగులో వండబోయి పెనం మీద చెయ్యి పెట్టింది.

నిన్న బుడ్డినీ, నా మగ్గం కందిలినీ అంచుదాకా నింపి గంటసేపు వెలిగించాను. తగ్గినంత నూనె వేరు వేరు సీసాల్లోంచి మళ్లీ పోశాను. ముందే సీసాలకు ఎర్రనూలు కట్టి మట్టం గుర్తు పెట్టుకున్నాను. బుడ్డి సీసా పోగు మందం దిగింది. కందిలి సీసా వేలి మందం దిగింది.

బుడ్డి ఒత్తి సన్నటి పేలిక. కందిలి ఒత్తి రెండు వేళ్ల వెడల్పు పట్టీ. వెడల్పు బట్టకు నూలు ఎక్కువ పడుతుందని ముప్పై ఏళ్లుగా నేస్తున్న నాకు తెలియదా? దీపం వెలిగిన గంటలే లెక్కపెట్టాను.

సీసాల నూలు విప్పకు. అమ్మ చూడాలి.

నాయిన

ఇది మాత్రం అమ్మకు చదవకు. చెయ్యి కాలి అమ్మ అరిచింది నాకు వినబడింది. నేను లేస్తే కందిలి ఊరికే మండుతుందని మగ్గం ఆపలేదు. వచ్చి నేనే చెప్పుకుంటాను.