బావగారి బహుమతికి కొత్త లాగుడు

గ్రానెబెర్గ, మే నెల

చిరంజీవి టూవాకు తాతయ్య దీవెనలు.

గోథెన్‌బర్గ్ కాలేజీలో నువ్వు ఇంజన్లు చదువుతున్నావని అమ్మమ్మ ఊరంతా చాటుతోంది గనక అడుగుతున్నాను. మన ఎర్ర టర్బో కారు, పెడలు తొక్కగానే కదలదు. పంచాయతీ ఆఫీసులో అర్జీ పెట్టినట్టు, మనం ఆశ వదులుకున్నాక ఒక్కసారి దూకుతుంది. తొక్కగానే లాగాలంటే ఏం చెయ్యాలి? ఆగస్టులో కంకర గుంట దగ్గర పాతకార్ల పందెం ఉంది.

ఇట్లు,
సిక్స్‌టెన్ తాతయ్య

తా.క.: కారు బహుమతిగా ఇచ్చిన మీ అమ్మమ్మ అన్నగారు ఎవాల్డ్, దాన్ని చూసుకోడానికి ప్రతి శనివారం బస్సులో వస్తున్నాడు. బానెట్ మీద చెవి పెట్టి వింటాడు. తర్వాత ఆదివారం సాయంత్రం బస్సు దాకా నా కుర్చీలో కూర్చుంటాడు.

గోథెన్‌బర్గ్

తాతయ్యకి నమస్కారాలు.

ఇంజన్ వదిలే పొగ ఒక చక్రాన్ని తిప్పాలి, ఆ చక్రం ఇంజన్లోకి గాలి తొయ్యాలి. అందుకే ఆ ఆలస్యం. రబ్బరు గొట్టాల్లోకి పంపుతో గాలి కొట్టి, సబ్బునీళ్లు రాసి, బుడగలొచ్చిన చోటల్లా బిగించు. పాత ఇనుము దొడ్డిలో చిన్న చక్రమున్న టర్బో దొరికితే మార్చు. చిన్నది త్వరగా లేస్తుంది. గాలి ఒత్తిడి మాత్రం అత్యాశగా పెంచకు, పిస్టన్ కరుగుతుంది.

పందెం మాత్రం వద్దు! పందెం అయ్యాక, దాన్ని నడిపే క్లబ్బు సభ్యులెవరైనా ఏ కారుకైనా పేరు రాసి చీటీ వెయ్యొచ్చు; తీసిన చీటీ ఎవరిదైతే వాళ్లు క్లబ్బు ముందే పెట్టిన చవక ధరకే కారు పట్టుకుపోతారు. కాదనే హక్కు నీకుండదు. బాగా పరిగెత్తే కారుకే కదా చీటీలు! తన అన్నయ్య ఇచ్చిన కారు పోతే అమ్మమ్మ ఏమైపోతుంది?

నీ టూవా

తా.క.: అమ్మమ్మ సబ్బు వాడకు.

గ్రానెబెర్గ, జూలై

చిరంజీవి టూవాకు,

అమ్మమ్మ సబ్బు వాడాను. అన్నీ బిగించాను, టర్బో మార్చాను. నిన్న పెడలు తొక్కితే నా టోపీ వెనక సీట్లోకి వెళ్లిపోయింది.

చీటీల సంగతి నాకెందుకు తెలీదమ్మా? ఆ నియమం రాసిన కమిటీలో నేనూ ఉన్నాను. కారు అమ్మితే బావగారికి అవమానం, ఊరికే ఇచ్చేస్తే మీ అమ్మమ్మకి కోపం. చీటీలో పోతే మాత్రం నన్నెవరూ ఏమీ అనలేరు. ఊళ్లో కుర్రాళ్లందరికీ బానెట్ తెరిచి చూపించాను. బాగా ఇష్టపడ్డారు.

ఇట్లు,
తాతయ్య

తా.క.: కారు లేకపోతే శనివారాలు ఎలా ఉంటాయో అని అప్పుడప్పుడూ అనుకుంటాను.

గోథెన్‌బర్గ్

తాతయ్యా,

నీ ఉత్తరం చదివి ఏడుపొచ్చింది. కారు పోతే శనివారాలు ఎలా గడుస్తాయోనని ఇప్పట్నుంచే బెంగపెట్టుకున్నావు! పంతానికి పోయి పందెంలో దిగుతున్నావు, పైకి ధైర్యం నటిస్తున్నావు. ఇంక నువ్వేం దిగులుపడకు. కారు కుటుంబం దాటి పోకుండా నేనొక ఏర్పాటు చేశాను.

నీ టూవా

తా.క.: థాంక్స్ చెప్పక్కర్లేదు.

గ్రానెబెర్గ, ఆగస్టు చివర

టూవాకు,

థాంక్స్ చెప్పడం లేదు.

పందెం గెలిచాను. మొదటి మలుపు దాటేసరికి వెనక దుమ్మే గాని మనుషులు లేరు. చీటీల డబ్బా నిండిపోయింది. పాస్టరుగారు కళ్లు మూసుకుని ఒకటి తీసి చదివారు: ఎవాల్డ్. అతను జీవిత సభ్యుడని నాకు గుర్తే లేదు. క్లబ్బులో కాఫీ ఊరికే పోస్తారని చేరాడు.

"నీ మనవరాలు ఉత్తరం రాసింది బావా," అని నన్ను వాటేసుకున్నాడు. "కారు పోతే నువ్వు బతకలేవట కదా! నేనుండగా పోనిస్తానా? రోజూ తెచ్చి చూపిస్తా."

తెస్తున్నాడు. శని, ఆదివారాలు తప్ప బస్సు లేని ఆ కొండదారి, నువ్వు చెప్పిన టర్బోతో, మా కాఫీ మరిగేలోపు ఎక్కేస్తున్నాడు. పట్టుకోవాల్సిన బస్సు లేదు గనక సాయంత్రమైనా ఇల్లు కదలడం లేదు.

లాగుడు తగ్గించడం ఎలాగో వెంటనే రాయి. అమ్మమ్మకి చెప్పకు.

ఇట్లు,
తాతయ్య

తా.క.: టూవా, ఈ కవరు అంటించేది నేనే, ఉత్తరాలన్నీ చదివేదీ నేనే. లాగుడు తగ్గించే విద్య మీ కాలేజీలో చెప్పరని రాసెయ్. మా అన్నయ్య వచ్చాడంటే మీ తాతయ్య షెడ్డులోకి, షెడ్డులో ఏం చేస్తున్నాడో చూడ్డానికి అన్నయ్య వెనకే. పెళ్లయ్యాక తాతయ్య కుర్చీలో నేను కూర్చోవడం ఇదే మొదలు. వచ్చేటప్పుడు సబ్బు తీసుకురా. — అమ్మమ్మ