కర్టిస్ కొట్టేసిన సంతకం

చిరంజీవి కర్టిస్‌కు,

వెర్లా అత్తయ్య దీవించి రాసేది. రాజధానిలోని వాళ్లు గీసిన కొత్త నియోజకవర్గాల మ్యాపులో నా ఇల్లు ఒక నియోజకవర్గంలోకి, రోడ్డవతల నా పశువుల కొట్టం ఇంకోదాంట్లోకి పోయాయి. నాకో ప్రతినిధి, నా ఆవులకో ప్రతినిధి అన్నమాట. ఆ మ్యాపు ఉండాలో వద్దో జనం ఓటేసి తేల్చాలని కౌంటీ జాతరలో అర్జీ పెడితే, అందరికంటే ముందు సంతకం చేసింది నేను. దాన్ని నువ్వు చెల్లదని కొట్టేశావట. ఎన్నికల క్లర్కువైతే మాత్రం సొంత మేనత్తనే కొట్టేస్తావా?

ఇట్లు, మీ అత్తయ్య

తా.క. నీ మీద కేసు వేశాను. ఆదివారం భోజనానికి మాత్రం రా.

అత్తయ్యకు నమస్కారాలు.

నీ నోటీసు చర్చి విందులో, చేపల పళ్లెం చేతిలో ఉండగా అందింది. జాతరలో చేసిన సంతకాలు, సంతకాల సేకరణకు పెట్టిన గడువు మొదలవకముందే చేసినవి కాబట్టి చెల్లవని పైనుంచి ఆదేశం. క్లర్కుగా అది పాటించాను. కేసు తేలేదాకా నీతో మాట్లాడొద్దని మా లాయరు అన్నాడు. రాయొద్దని అనలేదు. భోజనానికి రాలేను.

కర్టిస్

తా.క. నువ్వు కాల్చి పంపిన పీచ్ పండ్ల తీపి రొట్టె, అదే నీ ‘పై’, వెనక్కి పంపుతున్నాను. కేసు వేసినవాళ్ల దగ్గర ఏమీ పుచ్చుకోకూడదట.

కర్టిస్‌కు,

ఈసారి దీవెనలు లేవు. మీ మామయ్య పోయేముందు కూడా అడిగి తిన్న ‘పై’ అది. దాన్నే తిప్పికొట్టావంటే ఆ మ్యాపువాళ్లు నిన్ను పూర్తిగా తిప్పేసుకున్నారని అర్థమైంది. ఈసారి క్లర్కు పదవి ఎన్నికల్లో మళ్లీ నిలబడ్డావుగా. "కర్టిస్‌కు ఓటెయ్యకండి" అని మా వాకిట్లో బోర్డు పాతాను.

వెర్లా

తా.క. తిరిగొచ్చిన ‘పై’లో ఒక ముక్క తక్కువుంది. అది కూడా జడ్జికి చెబుతాను.

అత్తయ్యకు,

నేను ఎవరి పక్షమూ కాదు. ఇంతకంటే చెప్పకూడదు. బోర్డు రోడ్డు అంచులో పాతావు. అలా ఉంటే పీకేస్తారు. నువ్వు పాలు పితుకుతున్నప్పుడు వచ్చి, లోపలికి జరిపి పాతాను. కర్ర ఊగుతుంటే గట్టిగా దిగ్గొట్టాను కూడా.

కర్టిస్

తా.క. ముక్క సంగతి మా లాయరుకు తెలియదు.

నాయనా కర్టిస్,

కేసు గెలిచాను. జాతరలో చేసిన సంతకాలన్నీ లెక్కలోకి తీసుకోవాలన్నాడు జడ్జి. మ్యాపు మీద ఓటింగు జరుగుతుంది. అర్జీలో నా పేరు కళ్లారా చూసుకుందామని కోర్టుకు వెళ్లాను. నా పేరు కిందనే నీ పేరు. దాని మీద కూడా నీ చేత్తో గీసిన ఎర్ర గీతే.

ఆదేశం వచ్చిందని నీ సంతకం నువ్వే కొట్టేసుకున్నావన్నమాట. ఊరంతా నిన్ను ఆడిపోసుకుంటుంటే, నేనే ముందుండి తిట్టిస్తుంటే, ఒక్క మాటైనా చెప్పలేదేరా అని అక్కడే బెంచీ మీద కూర్చుని ఏడ్చాను. ఎందుకు చెప్పలేదో ఇంటికొచ్చాక తెలిసింది. చెప్పి ఉంటే నీ మీద జాలితో కేసు వాపసు తీసుకునేదాన్ని. మన సంతకాలు రెండూ పోయేవి.

దీవెనలతో, మీ అత్తయ్య

తా.క. క్లర్కు పదవికి నీ మీద పోటీగా మా పొరుగింటి లైల్‌ను బతిమాలి నిలబెట్టింది నేనే. ఇక చాల్లే, తప్పుకోమన్నాను. వాడికిప్పుడు గెలవాలని ఆశ పుట్టిందట. రేపటినుంచి నీ తరఫున ఇల్లిల్లూ తిరుగుతాను. నువ్వు మాత్రం నోరు విప్పకు, అది నీకు బాగా వచ్చు.