వార్తల వేళకు లేచిన యాంటెన్నా

బుధవారం రాత్రి. ముసురు.

కొబ్బరిమట్ట పడి విరిగిన కారు యాంటెన్నాకి ఇవాళ కొత్త రాడ్ వేశాను. రేడియో పెడితే దానంతటదే పైకి లేచి, ఆపితే లోపలికి దిగే రకం. లోపల ఒకరు రేడియో స్విచ్ నొక్కాలి, బయట ఒకరు రాడ్ పట్టుకోవాలి. అన్నయ్య పోయాక వదిన ఆ కారులో కూర్చోవడం ఇదే మొదలు.

"ఆన్ చెయ్యండి వదినా" అన్నాను. మోటారు పాత రాడ్‌ని బయటికి నెట్టేసింది. కొత్తదాని పళ్లున్న ప్లాస్టిక్ తాడు లోపలికి దోపి "ఇక ఆపెయ్యండి" అన్నాను. తాడు నా వేళ్లలోంచి జారిపోయింది. మోటారు లాగినట్టు లేదు. నూతిలోంచి నీళ్లు తోడుతున్నట్టు, ఎవరో చెయ్యి మార్చి చెయ్యి మార్చి లాక్కున్నట్టుంది.

రాత్రి అన్నాలు తింటుంటే కారు షెడ్డులో ఆ మోటారు చప్పుడు. కిటికీలోంచి చూస్తే యాంటెన్నా నిలువునా లేచి ఉంది. కారు తాళం నా జేబులోనే ఉంది. వైరు తప్పు కలిపానేమో, బ్యాటరీ విప్పేద్దామని లేచాను.

"ఉండనీ శేషూ. మీ అన్నయ్య కారులో కూర్చుని వార్తలు విని ఇంట్లోకొచ్చే వేళ కదా" అంది వదిన, మజ్జిగ పోస్తూ.

ఇది రాస్తుండగా యాంటెన్నా కిందికి దిగిన చప్పుడైంది.

వదిన వీధి తలుపు గడియ తీస్తోంది.