పదమూడో నెల వంతు

అవ్వను కూలిమనిషి జీవమ్మకు అప్పగించి నేను కచేరిలో కుర్చీ మీద కూర్చున్నానని మా పెద్దనాయన గిడ్డయ్య అంటాడు. ఊళ్ళో తమ తల వంచడానికే జీవమ్మను పెట్టినానని మా చిన్నాయన గోపన్న అంటాడు. గుండె జబ్బుతో పాటు తలకు కూడా ఏదో సోకిందని ఇద్దరూ కలిసి అంటారు. ఈ మూడు మాటల్లో ఒక్కటీ నిజం కాదు.

కాబట్టి, కర్నూలు జిల్లా ఆత్మకూరులో కాపురముంటూ రిజిస్ట్రేషను కచేరిలో గుమాస్తాగా పనిచేస్తున్న, కీర్తిశేషులైన లక్ష్మన్న ఏకైక కుమార్తె, ఇరవై అయిదేళ్ళ అవివాహిత రామేశ్వరమ్మ అనే నేను, పూర్తి తెలివితో, ఎవరి ప్రేరణా బలవంతమూ లేకుండా, నా చేతితో రాసిన వీలునామా ఇది. నా గుండెలో ఒక కవాటం ఇరుకైంది. వచ్చే నెల వేలూరులో ఆపరేషను. పదిమందిలో ఇద్దరు లేవరని అక్కడి డాక్టరు దాచకుండా చెప్పినాడు. నేను లేవకపోతే నా ఆస్తి ఎవరికన్నది చిన్న సంగతి. మంచాన ఉన్న, పెద్దక్క అనే మా అవ్వను రేపు పొద్దున ఎవరు పక్కకు తిప్పుతారన్నది పెద్ద సంగతి.

1. ముందుగా కారణం. మా తాత పోయిన తర్వాత, మూడేళ్ళ కింద మన్మథ ఉగాది సెలవులకు నేను అనంతపురం కాలేజీ నుంచి వచ్చినప్పుడు, పెద్దలు కూర్చుని అవ్వను ముగ్గురు కొడుకులకు వంతు వేసినారు. నెలకొక ఇల్లు. ఇంట్లో చదువుకున్నది నేనే కనుక కాగితం నాచేత రాయించినారు. చైత్రం పెద్దనాయనది, వైశాఖం మా నాయనది, జ్యేష్ఠం చిన్నాయనది, ఆ వరుసనే ఫాల్గుణం దాకా పన్నెండు నెలలు రాసి కింద గీత గీసినాను. దస్తూరి ముత్యాల్లా ఉందని మెచ్చుకున్నారు. ఆ ఏడు భాద్రపదాలు రెండని, మొదటిది అధికమని, ఎవరమూ పంచాంగం చూసుకోలేదు.

శ్రావణం మా నాయన వంతు. అమావాస్య మరునాడు ఆయన చూపులేని తల్లిని చెయ్యి పట్టి నడిపించుకుపోయి చిన్నాయన అరుగు మీద కూర్చోబెట్టినాడు. చిన్నాయన వాకిట్లోనే నిలబడి, "నాది నిజ భాద్రపదం. ఈ నెల కాయితంలో యాడుండాదో సూపీ," అన్నాడు. "నా నెల అయిపాయ," అని మా నాయన వెనక్కు వచ్చేసినాడు. పెద్దనాయన తన వంతు ఆషాఢంతోనే తీరిందన్నాడు. పెద్దలు కాగితం తెప్పించి చూసినారు. అందులో ఆ నెల లేదు. తేలేదాకా అని ఆమెను ముగ్గురి ఉమ్మడి కళ్ళంలో ఉన్న గడ్డి పాకలో ఉంచినారు. పన్నెండో రోజు వానలో నీళ్ళకుండ కోసం తడుముకుంటూ పోయి జారింది. తుంటి విరిగింది. కలుపు తీయడానికి వచ్చిన జీవమ్మ చూసి, ఎత్తి, కడిగి, పొడిబట్ట కట్టింది.

నేను వచ్చేటప్పటికి మూడు వారాలైంది. అవ్వ నా గొంతు గుర్తుపట్టి ఒక్కటే అడిగింది. "ఏమ్మే, పదమూడో నెల్లో నాకు ఆకలి గాదని రాసినావా?"

కచేరిలో ఉద్యోగం దొరకగానే అవ్వను మా ఊరి పక్కనే ఉన్న ఈ ఆత్మకూరు ఇంటికి తెచ్చుకుని జీవమ్మను పెట్టుకున్నాను. ఆమెకు నేనిచ్చే కూలి ఎవరినీ సిగ్గుపరచడానికి కాదు. ఆ కాగితం రాసింది నేను.

2. మా నాయన కష్టార్జితమైన నాలుగెకరాల చేను, అమ్మ అంతకుముందే పోయింది కనుక, ఆయన పోయినాక కొత్త వారసత్వ చట్టం ప్రకారం ఆయన తల్లికీ నాకూ సమానంగా వచ్చింది. అవ్వ వాటా అవ్వదే. నా రెండెకరాల్లో వాగు పక్క ఎకరం నేను పోయిన రోజు నుంచే జీవమ్మకు సర్వహక్కులతో చెందుతుంది. అవ్వ తదనంతరం చెందేటట్లు రాయమని దస్తావేజులు రాసే కంబన్న సలహా ఇచ్చినాడు. రాయలేదు. అట్లాంటి వీలునామాలు కచేరిలో శానా నకలు తీసినాను. 'తదనంతరం' అనే మాట చేరిన ఇంట్లో ముసలివాళ్ళ దగ్గును వినే తీరే మారిపోతుంది.

3. రెండో ఎకరాన్ని గుత్తకు, అంటే కౌలుకు, ఇవ్వాలి. ఆ గుత్త, నా ప్రావిడెంటు ఫండు, అవ్వ సాకుడుకే ఖర్చు కావాలి. ఆమె తర్వాత అది మా ఊరి బడికి పోతుంది. మా ఇంట్లో ఎవరూ దాని కోసం ఎదురుచూడనక్కర లేదు.

4. వేళలు. పొద్దు పొడిచినప్పటి నుంచి దీపాల వేళ దాకా జీవమ్మ. ఒళ్ళు తుడవడం, బట్ట మార్చడం, సంగటి మెత్తగా కలిపి తినిపించడం, పూటకు రెండుసార్లు పక్క తిప్పడం. ఒక్క మనిషి తిప్పితే వీపు చర్మం లేస్తుంది. లేచిన తర్వాతే మాకు తెలిసింది. అందుకని ఉదయం ఒక గంట, సాయంత్రం ఒక గంట జీవమ్మ మరదలు విశ్వాసమ్మ రావాలి. గంట పనికి వచ్చినా ఆమెకు అరపూట కూలి ఇవ్వాలి, ఆ గంట కోసం ఆమె వేరే పని వదులుకుంటుంది కనుక. రాత్రి తోడుండడం వేరే పని, దానికి జీవమ్మకు వేరే కూలి. పగటి కూలిలోనే రాత్రి కూడా ఉందని మొదట్లో నేనూ అనుకున్నాను.

పత్తి తీసే నెలల్లో ఎక్కువ ఇవ్వాలి. మొదటి ఏడు పుష్యమాసంలో జీవమ్మ మూడు రోజులు రాలేదు. నేను గట్టిగా అడిగితే, "చేన్లో దినానికి రూపాయి ఇస్తాండారు చిన్నమ్మా, ఈడ పదణాలు. అవ్వంటే నాకు పేమ లేక గాదు. నా పిల్లోల్లు పేమ తినరు గదా," అన్నది. ఇప్పుడు పగటికి నెలకు ముప్పై రూపాయలు, తీత నెలల్లో నలభై, రాత్రులకు పది. నా జీతంలో సగం. ఆమె పని నా పనికి రెట్టింపు.

నెల అంటే ఇంగ్లీషు నెల. ముప్పై ఒకటో తేదీకి వేరే కూలి. ఈ ఏడు మళ్ళీ అధిక శ్రావణం వస్తున్నది. అది ఎవరి వంతా అని పంచాయితీ జరగరాదు. అవ్వను ఈ ఆత్మకూరు ఇంటి నుంచి ఏ ఇంటికీ మార్చరాదు.

5. ఆదివారం జీవమ్మ యేసు గుడికి పోతుంది. ఒక ఆదివారం పెద్దనాయన, మరొక ఆదివారం చిన్నాయన వచ్చి, తమ చేతులతో చేయాలి. పెద్దనాయన తన భార్య మద్దమ్మ పెద్దమ్మను పంపి సరిపెట్టకూడదు. వంతు పేరుకు పెద్దనాయనది, విరిగిన నడుము పెద్దమ్మది. పాకలో అవ్వ ఉన్న పన్నెండు రోజులూ చెంగు కింద దాచి గంజి తెచ్చిపెట్టింది ఆమె ఒక్కతే. నా బంగారు కమ్మలు ఆమెకు.

6. చిన్నాయన మా ఇంట్లో జీవమ్మ ముంచిన నీళ్ళు తాగడు. తన తల్లి వీపు మీది పుండును ఆమె కడగవచ్చు, కడవను ముట్టరాదు. ఆ ఇత్తడి కడవ జీవమ్మకు. చిన్నాయనకు మన్మథనామ సంవత్సర పంచాంగం. పెద్దనాయనకు నా కుర్చీ, ఆదివారం అవ్వ మంచం పక్కన వేసుకుని కూర్చోవడానికి.

7. అవ్వకు రోజుకు రెండు కాడల పొగాకు, ఎవరు వద్దన్నా. నా నీలం శాలువ. అది కప్పితే నేనే కూర్చున్నానని తడిమి చూస్తుంది. అట్లాగే అనుకోనివ్వండి.

8. ఇది నడిపించే బాధ్యత నాతో చదువుకున్న, ఇక్కడి ఆడపిల్లల బడిలో టీచరైన కృపమణికి ఇస్తున్నాను. నా పుస్తకాలు ఆమెవి. ఈ వీలునామా మీద ఎవరు దావా వేసినా నేనిచ్చిన వస్తువు కూడా వాళ్ళకు చెందదు.

9. ఆపరేషను తర్వాత నేను బతికితే ఇది వీలునామాగా అమలు కాదు, ఆ సంగతి నాకు తెలుసు. అప్పుడు దీన్ని ఏర్పాటు కాగితంగా చదువుకోవాలి. గుత్తకు తోడు నేను సంపాదించేది కలుస్తుంది. వేళలు, కూలి, ఆదివారాలు నేను పోయినట్లే నడుస్తాయి. రెండేళ్ళుగా కచేరి నుంచి ఇంటికి, ఇంటి నుంచి కచేరికి తిరిగినాను. అవ్వ మీద ప్రేమతో అన్ని రోజులూ తిరిగినానని చెప్తే అబద్ధం. కొన్ని సాయంత్రాలు లోపలికి పోబుద్ధి కాక గుమ్మం ముందు ఊరికే నిలబడినాను. మద్రాసు లా కాలేజీకి దరఖాస్తు పెట్టినాను. అవ్వకు నిన్న చెప్పినాను. తనంతట తను తిప్పుకోగలిగింది ముఖం ఒక్కటే. దాన్ని గోడవైపు తిప్పుకున్నది.

బతికితే నేను మద్రాసు పోతాను.

ఆత్మకూరు, 1958 మే 12, సోమవారం.

(సంతకం) రామేశ్వరమ్మ

నా ఎదుట సంతకం చేసినందుకు సాక్షులు:
కంబన్న, దస్తావేజు లేఖరి
లేవి, బడి పంతులు